పావు తిప్పు

ఓర్వకల్లు దాటినాక రాళ్ళు ఒకదానిమీదొకటి
ఎవరి ఆర్డరూ లేకుండానే నిలబడి ఉంటాయి.
వాటి వెనకాల కంచె. కంచె లోపల మేము.
నా బిళ్ళ నీలం, అంటే కరెంటు.
మద్దిలేటిది పసుపు: గొట్టాలు, బోల్టులు, నూనె.
ఎర్ర బిళ్ళ వాళ్ళు అద్దాలు తప్ప
తిన్న గిన్నె కూడా తుడవరని మాలో ఒక జోకు.

పొద్దున తొమ్మిదీ పదికి
రాడారు బండి కాళ్ళు దించబోతే దిగలేదు.
నా వైర్లు నేను చూసుకున్నా. ఇరవై నాలుగు వోల్టులు,
కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.
నా చేతికి జానెడు దూరంలో
హైడ్రాలిక్ గొట్టం మెడకాడ క్లాంపు వదులై
చుక్క.
చుక్క.

పావు తిప్పు. అంతే.
జేబులో స్క్రూడ్రైవరు ఉంది.
ఎంత బిగించాలో వేళ్ళకు తెలుసు,
కల్లూరులో ఖాజాపీరా షెడ్డులో ఎండాకాలం సెలవులన్నీ
ఈ వేళ్ళు నూనెలోనే ఈదినాయి.
అక్కడ వెల్డింగు చేసేవాడే టైరు విప్పేవాడు,
టైరు విప్పినవాడే టీ కాచేవాడు,
ఖాజాపీరా అయితే ట్రాక్టరు కింద పండుకొనే
నా బీజగణితం తప్పులు దిద్దేవాడు.

"ముట్టుకోవద్దప్పా," అన్నాడు తిప్పేస్వామి సారు.
"నువ్వు బిగిస్తే అది నీదైతాది.
రేపు పగిలితే ఎంక్వైరీ నీ మీదికే."
ఆయన చెడ్డోడు కాదు.
ఎప్పుడో ఎవరో బిగించినదానికి
మూడేళ్ళ ప్రమోషను పోగొట్టుకున్నవాడు.

మద్దిలేటి లీవులో ఉన్నాడు. కొడుకు పుట్టెంట్రుకలు, ఉరుకుందలో.
గేటుకాడి ఫోన్లో అడిగితే
గుండు చేయించుకున్న పిల్లోడి ఏడుపు మధ్యన నవ్వినాడు:
"పావు తిప్పురా నాయనా, అంతే!"
నోటి మాట కాగితం కాదు.
కాగితం హైదరాబాదు పోవాలి,
హైదరాబాదు నుంచి ఇంకో పసుపు బిళ్ళ రావాలి.

పదకొండు. పన్నెండున్నర.
నలభై మూడు డిగ్రీల ఎండలో
తొమ్మిది మందిమి ఒక స్క్రూ చుట్టూ
శవజాగరణకు కూచున్నట్టు కూచున్నాం.
క్యాంటీను ఉగ్గాని చల్లారి బిగుసుకుంది.
ఆ దినం బిగుసుకున్నది అదొక్కటే.

మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చింది, చీపురూ బకెట్టూ పట్టుకొని.
"సార్, ఆడోళ్ళ రూములో ఫ్యాను తిరగడం ల్యా,
నాలుగు దినాలాయ, రవ్వంత చూడు."
నేను ఆపేలోపే నా నోట్లోంచి వచ్చేసింది:
"అది సివిల్ వాళ్ళదమ్మా. నాది బండి కరెంటు."

బండి కరెంటు, గోడ కరెంటు!
ఆమె ఏమీ అనలేదు.
పొద్దున నేను సారును చూసినట్టే
నన్ను చూసింది.

పోతా పోతా ఇసుకలో నూనె మరక చూసినట్టుంది.
బకెట్లో నీళ్ళు కంపచెట్టు మొదట్లో పోసి,
ఖాళీ బకెట్టు కాలితో గొట్టం కిందికి జరిపి పోయింది.
ఎవరినీ అడగలేదు.
బకెట్టు పెట్టడం ఏ రంగు బిళ్ళవాళ్ళ పనో
ఏ పుస్తకంలోనూ రాయడం మరిచినారు.

అంతసేపూ సప్పుడు లేకుండా కారింది
ఇప్పుడు వినపడడం మొదలుపెట్టింది.
టప్.
అందరం అటే చూస్తాం. మళ్ళీ
టప్.

నాలుగున్నరకు రిజిస్టరు.
పని: జరగలేదు.
కారణం: సంబంధిత సిబ్బంది లేనందున.
అదనంగా కనిపించిన వస్తువు: ప్లాస్టిక్ బకెట్టు, ఒకటి, చెవి విరిగినది.
ఎవరి పరిధి అన్న గడి కాడ
సారు పెన్ను చాలాసేపు ఆగింది.

నేను లేచినా.
క్లాంపు దిక్కు చూడకుండా నడిచి
ఆడోళ్ళ రూము తలుపు ముందర నిలబడి
స్క్రూడ్రైవరుతో రెండు దెబ్బలు కొట్టినా:
"లోపల ఎవరన్నా ఉండారామ్మా?"